అత్తయ్య ఎక్కితే ఆడే పంపు

మోటారు పడవ అడుగు పలకలు మళ్లీ ఎత్తి, కోడలు మోకాళ్ల మీద కూలబడింది. పొద్దున్నుంచి అదే పని. అడుగున చేరే నీళ్లను బయటికి తోడే పంపును ఊడదీసింది. దాని జల్లెడలో చిక్కుకున్న జుట్టూ పీచూ గీకేసింది. నీళ్లు పెరిగితే తేలి పంపును ఆన్ చేసే స్విచ్చిని వేలితో ఎత్తి చూసింది. అన్నీ లక్షణంగా ఉన్నాయి. నీళ్లు వదిలేందుకు పడవ అడుగున ఉండే బిరడా బిగుతుగానే ఉంది. పాడైతే బాగుచేయొచ్చు, బాగానే ఉన్నదాన్ని ఏం చేసి చావాలి?

అవతలి ఒడ్డున మంచం పట్టిన చెల్లెల్ని చూడడానికి అత్తయ్య రోజూ ఈ పడవలోనే వెళ్లేది. ఆవిడ భారీ మనిషి. ముందు కూర్చుంటే కుదుపులకు మోకాళ్లు తట్టుకోవని వెనక ఇంజను పక్కన కూర్చునేది. ఈమధ్య ఆవిడ కూర్చున్న కాసేపటికి పంపు గుర్రుమనడం మొదలుపెట్టింది. ఆగేది, మళ్లీ గుర్రుమనేది. ఆవిడ దిగగానే నోరు మూసుకునేది. పడవ నడిపే ఆవిడ కొడుకు ఒకరోజు అందరి ముందూ నోరు జారాడు: "అమ్మ ఎక్కితే చాలు, పడవకి చెమటలు పడతాయి."

పడవలో వాళ్లంతా నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. మర్నాటి నుంచి గుమ్మం దాటలేదు.

అక్క రాలేదేమని అవతలి నుంచి రోజూ కబురు వస్తూనే ఉంది. అత్తయ్య మోకాళ్లు బాగాలేవని చెప్పించి, గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఆ చెల్లెలు ఇంక ఎన్నాళ్లో ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకేమో, సరదాకి అన్నాను కదా అని గొణుగుతాడు తప్ప తల్లి ముందుకు వెళ్లడు. కోడలికి ఒళ్లు మండిపోతోంది. నోటితో చిల్లు పెట్టింది ఆయన, నూనె మరకల్లో దొర్లుతున్నది తను.

ఒడ్డున కూర్చుని ఆమె తమ్ముడు సలహాలిస్తున్నాడు. పడవకి కొత్తగా తెల్లరంగు వేసింది అతనే. వేసినప్పటి నుంచి దాన్నే చూసుకుని మురిసిపోతున్నాడు.

"కొత్త పంపు కొనెయ్యక్కా."

"నువ్వు కాసేపు ఊరుకో, అదే పదివేలు."

మొగుణ్ణీ తమ్ముణ్ణీ కలిపి వెనక కూర్చోబెట్టి చూసింది. ఇద్దరూ పుల్లల్లా ఉంటారు, పడవ కిందికి దిగనే లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. చేతులు తుడుచుకుని ఇంటికి నడిచింది.

"అత్తయ్యా, మీరొకసారి వచ్చి వెనక కూర్చోవాలి. ఖాళీ పడవలో తప్పు దొరకట్లేదు."

అత్తయ్య ఇటు తిరగలేదు. "బరువు కోసమా?"

అబద్ధమాడితే ఇంకెప్పుడూ నమ్మదని కోడలికి తెలుసు. "అవును, బరువు కోసమే."

కాసేపటికి మంచం కిర్రుమంది. అత్తయ్య లేచి, మంచం కింద నుంచి సంచి లాగింది. చెల్లెలి కోసం ఉతికిన బట్టల సంచి. దాని మూతి అప్పటికే కట్టి ఉంది.

అత్తయ్య వెనక కూర్చోగానే పడవ ఆ వైపు దిగింది. పంపు గొట్టం మీద చెయ్యి వేస్తే నీళ్లు బయటి నుంచి లోపలికి వస్తున్నట్టు తెలిసింది. కోడలు అంచు మీదికి వంగి చూసింది. నీళ్లు బయటికి పోయే రంధ్రం పైన, అంచు కింద ఉండాలి. అక్కడ నున్నటి తెల్లరంగు తప్ప ఏమీ లేదు. రంధ్రం ఎక్కడో కింద, ఆ బరువుకి నీళ్లలో మునిగి ఉంది. పంపు ఆగగానే బయటి నీళ్లు అదే దారిన లోపలికి వస్తున్నాయి.

"పైనుంటే మురికి కారి రంగు మీద చారలు పడతాయని కిందికి మార్చా. గొట్టం కూడా పలక వెనక నుంచి కనబడకుండా తెచ్చా," అన్నాడు తమ్ముడు. "అందంగా లేదూ?"

"నీ సోకు తగలెయ్య. ఆ రంగు నువ్వే గీకు."

అతను గొణుక్కుంటూనే గీకాడు. పాత రంధ్రం తెరిచి, కింది దాన్ని గట్టిగా మూసి, గొట్టాన్ని ఎత్తుగా అంచుకి కట్టారు. అంతసేపూ అత్తయ్య సంచి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పంపు ఒక్కసారి ఆడి, ఉన్న నీళ్లు కక్కి ఆగిపోయింది.

"అయితే నావల్ల కాదన్నమాట."

"కాదత్తయ్యా. మీరు రాకపోతే దొరికేదే కాదు."

ఇంజను దగ్గర నిలబడ్డ కొడుకు తలెత్తలేదు. "అమ్మా, నేను..." అని ఆగిపోయాడు.

"ముందు పడవ తియ్యరా. ఏడవాలంటే తర్వాత ఏడుద్దువుగాని. అవతల చెల్లి నాకోసం చూస్తుంటుంది."

పడవ కదిలింది. పంపు కిక్కురుమనలేదు. అవతలి ఒడ్డు దగ్గరపడే కొద్దీ అత్తయ్య సంచి ముడి విప్పుతూ, మళ్లీ కడుతూ ఉండిపోయింది.