దాపటి పక్క బద్ధకం

గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా వెతికినా ఎద్దు మనసు చదవగలిగినవాడు ఒక్కడే దొరుకుతాడు. ఆ ఒక్కడూ నేనే. ఎద్దు చెవి కదిపితే దానికి ఆకలో దాహమో చెబుతాను. తోక విసిరితే అది పోయినేడు ఏ సంతలో ఏ ఎద్దుతో కయ్యం పెట్టుకుందో కూడా చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు మా నాన్న రాళ్ల బళ్లు తోలాడు. ఆయన విద్యంతా నా దగ్గర పోగుపడింది. ఇంతటి పండితుడు పక్కనే ఉండగా మా చెల్లెలి ఎద్దు తుని సంతకి ఎందుకు బయలుదేరవలసి వచ్చిందో చెబుతాను.

మా చెల్లెలు రత్తమ్మని కడియం దగ్గర, కాలవ పక్క ఊళ్లో ముసలయ్యకి ఇచ్చాం. పేరు ముసలయ్యే గాని అప్పటికి మనిషి పడుచువాడు, కిరాయి బండి తోలేవాడు. కాపురానికి పంపినప్పుడు మా ఇంటి ఆవు ఒకదాన్ని వెంట తోలాం. ఆ ఆవు ఈనిన దూడే మల్లిగాడు. రత్తమ్మ వాణ్ణి ఎలా పెంచిందంటే, మొగుడికి అన్నం పెట్టడం ఆలస్యమైనా వాడికి కుడితి పెట్టడం ఆలస్యం కాలేదు. పెద్దయ్యాక వాణ్ణి కాడికి దాపటి పక్కన, అంటే ఎడమవైపు కట్టారు. వలపటి పక్కన, అదే కుడివైపు, ఉన్నది కొన్న ఎద్దు పుల్లడు.

ఒక ఏడు వానాకాలం వెళ్లేసరికి మల్లిగాడికి ఏదో అయింది. ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా ఉన్నది నల్లమట్టి దారి. కాలవ నీరు ఊరి ఊరి అక్కడ ఎప్పుడూ అడుసే. ఆ దారిలో మల్లిగాడు మెడ వాల్చేసేవాడు, రొప్పేవాడు. బండి ఎడమకి లాగుకుపోయేది. కంకర రోడ్డెక్కాడో, అదే ఎద్దు, అదే బరువు, పుల్లడి కంటే అడుగు ముందుండేవాడు. రాజమండ్రి పోయి వచ్చినా అలుపు లేదు. మళ్లీ ఊరి దారిలోకి మళ్లగానే నాలుక బయటపెట్టేవాడు.

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. దిష్టి అన్నారు కొందరు, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. ఊరి పొలిమేరలో ఏదో ఉంది, ఎద్దులకి కనిపిస్తుంది అన్నారు ఇంకొందరు. అయితే అది పుల్లడికెందుకు కనిపించదని అడిగితే, పుల్లడు కొన్న ఎద్దు, ఈ ఊరి సంగతులు వాడికేం తెలుసు అన్నారు. ముసలయ్య మాత్రం తప్పంతా మా చెల్లెలి మీద పెట్టాడు.

"నీ చెల్లెలి గారాబం బావా. ఊరు దాటితే ఎద్దు. ఊళ్లోకొస్తే అత్తారింట్లో అల్లుడు."

నన్ను పిలిపించారు. నేను మల్లిగాడి నోరు తెరిచి చూశాను, చెవులు పట్టి చూశాను, కడుపు మీద తట్టి విన్నాను. పైత్యం చేసిందని తేల్చి ఆముదం పట్టించాను. దాని ఫలితం రెండు రోజుల పాటు బండి వెనక నడిచినవాళ్లందరికీ తెలిసింది గాని, అడుసులో మల్లిగాడి నడక మారలేదు. కాబట్టి మొదట్లో నేను కొట్టుకున్న గొప్ప మీరు కొట్టిపారెయ్యొచ్చు. ఎద్దు మనసు నాకు తెలియదు. నా మనసే నాకు సగం రోజులు తెలియదు.

ఓడిపోయినవాడు ఊరుకోడు కదా. ఎద్దుల్ని పక్కలు మార్చి కట్టి చూడమన్నాను. మల్లిగాణ్ణి వలపటికి, పుల్లణ్ణి దాపటికి మార్చి ముసలయ్య బండి తోలాడు. నేనూ రత్తమ్మా గట్టు మీద నుంచుని చూశాం. అడుసులోకి దిగగానే మల్లిగాడు దర్జాగా నడిచాడు. పుల్లడు మెడ వాల్చాడు. రొప్పాడు. బండి మళ్లీ ఎడమకే లాగింది.

నాకు బుర్ర తిరిగింది. ముసలయ్యకి ఇంకా తిరిగింది. ఇద్దరం అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, మగవాళ్లిద్దరు కలిసి ఆలోచిస్తే వచ్చే తెలివి ఎంతో అంత తెచ్చుకున్నాం. మల్లిగాడి బద్ధకం పుల్లడికి అంటుకుంది. గజ్జి అంటుకోదూ, అలాగే. పుల్లడు పూర్తిగా చెడిపోకముందే మల్లిగాణ్ణి వదుల్చుకోవాలి. ఈ ముక్క మొదట అన్నది ముసలయ్యా నేనా అనేది ఇప్పటికీ మా మధ్య తగువే.

రత్తమ్మ వాకిట్లో పిడకలు చరుస్తోంది. కోపం వస్తే మొగుడితో నేరుగా మాట్లాడే అలవాటు దానికి లేదు.

"అన్నయ్యా, మీ బావగారిని అడుగు. ఇవాళ బాగా నడిచింది మల్లిగాడేగా? నడవనివాణ్ణి ఇంట్లో ఉంచుకుని నడిచేవాణ్ణి అమ్ముతారా?"

అంటించినవాడు అంటించాక తేలిగ్గా ఉంటాడని ముసలయ్య జవాబు చెప్పాడు. చెప్పాక తనే తల గోక్కున్నాడు.

మాఘమాసంలో తునికి కొబ్బరికాయల కిరాయి తగిలింది. కాయలు దింపి, మల్లిగాణ్ణి అక్కడి సంతలో అమ్మి, వేరే ఎద్దుని కొని కట్టుకు రావాలని ముసలయ్య ఆలోచన. ఎద్దులు ఎప్పటిలా ఎవరి పక్కకి వాళ్లు వచ్చారు. తోడు నన్ను రమ్మన్నాడు. బయలుదేరే ముందు రత్తమ్మ మల్లిగాడి నుదుటికి బొట్టు పెట్టి, వాడికి వినపడకూడదన్నట్టు నన్ను పక్కకి పిలిచింది.

"వాడు లేకుండా తిరిగొచ్చావంటే, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు కూడా నేనివ్వను అన్నయ్యా."

ఊరి దారిలో మల్లిగాడు ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ నడిచాడు. చూశావా అన్నట్టు ముసలయ్య నా వంక చూశాడు. పెద్ద రోడ్డెక్కాక నేను ముసలయ్య వంక చూడవలసి వచ్చింది. మల్లిగాడి లాంటి నడక నేను పెళ్లిబళ్లకి కట్టిన ఎద్దుల్లో కూడా చూడలేదు. పుల్లడు వెనకబడితే కాడి తానే మోసేట్టున్నాడు. ఎదురొచ్చే బండివాళ్లు ఆగి ఎద్దు ఎక్కడిదని అడుగుతున్నారు. అడిగిన కొద్దీ ముసలయ్య ముఖం చిన్నబోతోంది. అమ్మబోతున్నారని తెలిసి మల్లిగాడు పరువు నిలబెట్టుకుంటున్నాడేమో అన్నాను. అయితే తెలివైనవాడే కదా, అమ్మడమెందుకు అన్నాడు. అయితే అమ్మకు అన్నాను. మరి మన ఊళ్లో ఎందుకు నడవడు అన్నాడు. మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

తుని కొండలు కనిపించే చోట ఉన్నట్టుండి వాన పట్టుకుంది. కాయలు తడవకుండా బండిని రోడ్డు దింపి పక్క మామిడితోపులోకి తోలాడు ముసలయ్య. తోపు దారి క్షణంలో బురదైంది. బండి ఎడమకి లాగింది. మల్లిగాడు మోకాళ్ల మీద పడ్డాడు.

నేను దిగి వెనక నుంచి నెట్టబోయి ఎడమ చక్రం గాడిలో కాలు పెట్టాను. పిక్కదాకా దిగింది. లాక్కుని కుడి గాడిలో పెట్టాను. మడమ కూడా మునగలేదు. నెట్టడం మానేసి వెనక్కి చూశాను. ఒక గాడి కత్తిపీటతో కోసినట్టుంది, రెండోది అట్టు తిరగేసినట్టు వెడల్పుగా, పలచగా ఉంది. చక్రాల దగ్గరకొచ్చి ఇనుప పట్టాల మీద వేళ్లు ఆనించి చూశాను. కుడి పట్టా నాలుగు వేళ్ల వెడల్పు. ఎడమది రెండు వేళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది ముసలయ్యకి. వానాకాలంలో ఎడమ చక్రం పట్టా ఊడితే, వెడల్పు ఇనుము దొరికేదాకా ఆగమని కమ్మరి చెప్పినా వినకుండా, ఇనుము ఇనుమే, గుండ్రంగా ఉంటే చాలని సన్న పట్టా వేయించుకున్నాడు.

"పట్టా సన్నం బావా," అన్నాను. "మెత్తటి నేలలో దిగబడిపోతోంది. ఆ పక్క ఎవడుంటే వాడు చస్తున్నాడు."

"మరి కంకర మీద ఎందుకు చావడు?"

"అక్కడ దిగబడదు కదా."

"అంటే తప్పు నేలదా?"

"నేలదే."

"నేల రెండు చక్రాల కిందా ఒకటేగా?"

"అయితే పట్టాది."

"పట్టా రోడ్డు మీద కూడా అదేగా. అక్కడ పరిగెత్తాడుగా."

పట్టా పట్టుకుంటే నేల జారిపోతోంది, నేల పట్టుకుంటే పట్టా జారిపోతోంది. అంతకుముందు నాకు బాగానే అర్థమైంది. ముసలయ్య అడిగాక అర్థం కావడం మానేసింది. రెండూ కలిస్తేనే తప్పు, విడివిడిగా ఎవరి తప్పూ లేదు అన్నాను. మొగుడూ పెళ్లాల తగువులా అన్నమాట అన్నాడు. అలాగే అనుకోమన్నాను.

"ఇందులో ఎద్దు వాటా ఎంత బావా?"

"ఏమీ లేదు."

ముసలయ్య వానలోనే మల్లిగాణ్ణి కాడి విప్పి లేపి, మోకాళ్లకి అంటిన బురద తన తలగుడ్డతో తుడిచాడు. మళ్లీ కట్టి, బండిని ఇంటివైపు తిప్పాడు. కాయలు దింపాలి కదా అని నేను అనలేదు. ఎవరికి గుర్తుంది?

వాకిట్లో బండి ఆగగానే రత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ముందు మల్లిగాడి కాళ్లు కడిగింది. మిగిలిన నీళ్లు మాకిచ్చింది. బండిలో కాయలు చూసింది.

"కొబ్బరికాయలకి కూడా బద్ధకం పట్టిందేంటి, సగం దారిలో తిరిగొచ్చేశాయి?" ఈసారి మొగుణ్ణే అడిగింది.

మర్నాడు వాటిని మళ్లీ తునికి తోలుకెళ్లింది మల్లిగాడే. సన్న పట్టా మార్పించడానికి ముసలయ్యకి ఇంకో ఏడు పట్టింది. పట్టా తప్పు లేదని నువ్వేగా అన్నావ్ అని నా మీదే పెట్టాడు.

ఇందులో వాన ఒక్కటి నేను కురిపించినది. మాఘమాసంలో తుని దగ్గర అంత వాన ఎక్కడుంది చెప్పండి? గాళ్లు చూసిందీ, పట్టాలు కొలిచిందీ, ఆ వాదనంతా జరిగిందీ తిరిగొచ్చాక మా ముసలయ్య ఊరి అడుసులో. తుని దారిలో ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు. రోడ్డు ఎండి గలగలలాడుతోంది. ముసలయ్య ఉన్నట్టుండి బండి ఆపి దిగి, మల్లిగాడి గంగడోలు నిమురుతూ చాలాసేపు నుంచున్నాడు. తర్వాత బండి వెనక్కి తిప్పాడు. ఎందుకని అడిగితే "ఏమో బావా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద కథ నిలబడదేమోనని భయమేసి వాన తెప్పించాను.