మువ్వ తీసిన పూట

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా కూతురు ఏడుస్తూ ఉంటుంది, నాకు వినపడదు.

నా బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. ఊపిరితిత్తులకు బలం చాలక చాలాకాలం మిషన్ మీద ఉంచి, చివరికి మెడ ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గాలి ఆ గొట్టంలోంచే వెళుతుంది, ఆ గొట్టంలోంచే వచ్చేస్తుంది. గొంతు దాకా ఎక్కదు. అందుకని అది ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది, ముఖం కందిపోతుంది, కన్నీళ్లు కారతాయి. చప్పుడు మాత్రం ఉండదు. దాన్ని ఇంట్లో పిచ్చుక అంటాం. అరచేతిలో పట్టేంత ఉందని మా అత్తయ్య పెట్టిన పేరు. కూత లేని పిచ్చుక అవుతుందని అప్పుడెవరికి తెలుసు.

దానికి వీపు తిప్పి నిలబడటం నేను మర్చిపోయాను. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా తీసే ఉంచేదాన్ని. చివరికి దాని కాలికి ఒక మువ్వ కట్టాను. కాలు విదిలిస్తే అమ్మ వస్తుందని అది ఇట్టే కనిపెట్టేసింది. ఆకలైతే మెల్లగా, కోపమొస్తే ఆపకుండా.

"గంట కొడితే పరిగెత్తుకొచ్చే నౌకరు దొరికింది మహారాణికి" అని అత్తయ్య నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

మా పక్కింట్లో ఒక చంటిది ఉంది. రాగం తీసి మరీ ఏడుస్తుంది. "మీకు నిద్ర లేకుండా చేస్తోందేమో" అని వాళ్లమ్మ ఒకసారి నొచ్చుకుంటే, "ఏడవనివ్వండి" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. మా రెండిళ్ల మధ్య గోడకు చెవి ఆనించి ఎంతసేపు నిలబడతానో చెప్పి ఉంటే ఇంకెంత వింతగా చూసేదో.

మాలాంటి ఇళ్లకు ఆస్పత్రి నుంచి ఒకావిడ వస్తుంది. రెస్పిరేటరీ థెరపిస్ట్. ఆ మాటకు నోరు తిరగక అత్తయ్య ఆమెను ఊపిరమ్మాయి అంటుంది. నేను అక్కా అంటాను. అక్క వచ్చీ రాగానే మాతో మాట్లాడదు. గుమ్మంలోనే ఆగి పిచ్చుక రొమ్ము ఎలా లేస్తోందో, ఎలా దిగుతోందో చూస్తుంది. తర్వాత చేతులు కడుక్కుని, స్టెతస్కోపు బిళ్లను గుప్పిట్లో వెచ్చబెట్టి అప్పుడు ఆనిస్తుంది. గొట్టం కదలకుండా కట్టిన మెడ పట్టీ కింద ఒక వేలు దూరుతుందో లేదో చూస్తుంది. గురగుర వినిపిస్తే గొట్టంలోకి సన్న పైపు పంపి మిషన్‌తో కళ్లె లాగేస్తుంది. లాగినంతసేపూ తన ఊపిరి కూడా బిగబడుతుంది.

"మీరెందుకక్కా బిగబట్టడం?" అని అడిగాను మొదట్లో.

"లాగేటప్పుడు దానికి గాలి ఆడదు కదా. నేనిక ఆగలేననిపిస్తే దానికీ అంతేనని. అప్పుడు పైపు తీసేయాలి. నువ్వూ అలాగే చెయ్యి, చెల్లాయ్. గడియారం చూసుకునే పని ఉండదు."

అప్పట్నుంచి నేనూ అలాగే చేస్తున్నాను. నా ఊపిరి, దాని ఊపిరి ఒకే లెక్కలో నడుస్తాయి.

డాక్టరు పరీక్షించి సరేనన్నాక, ఒకరోజు అక్క గోరంత మూత ఒకటి తెచ్చింది.

"ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు" అంది. "గాలి గొట్టంలోంచి లోపలికి పోతుంది. తిరిగి వద్దామంటే తలుపు మూసుకుపోతుంది. ఇక గొంతు మీదుగా నోట్లోంచి రావాల్సిందే. వస్తూ వస్తూ మాట తెస్తుంది."

గొట్టానికి తగిలించింది. పిచ్చుక దగ్గింది. దగ్గుతో పాటు బొంగురుగా "హా" అని వచ్చింది. అది ఉలిక్కిపడి, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది.

నేను చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. పిచ్చుక మాత్రం పెదాలు బిగించేసింది. ఇంకొక్క చప్పుడు రాలేదు.

"దాని గొంతు దానికి కొత్త చుట్టం" అంది అక్క. "చుట్టాలొస్తే పిల్లలు దాక్కోరూ? అలవాటవుతుంది."

అలవాటు కాలేదు. రోజూ మూత పెట్టి ఎదురుగా కూర్చునేదాన్ని. అమ్మా అను, అమ్మా అను అని నా గొంతే అరిగిపోయింది. అక్క వచ్చినప్పుడల్లా కాగితం ముక్క అరచేతిలో పెట్టి "ఊదు, పిచ్చుకా, ఊదు" అనేది. అది ఊదేది, కాగితం ఎగిరేది, నవ్వేది. ఆ నవ్వులో కూడా చప్పుడు రానిచ్చేది కాదు. ఏం కావాలన్నా కాలు విదిలించేది.

ఒక ఉదయం మూత తగిలించాక అక్క ఆ కాలి వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆ మువ్వ తియ్యాలి, చెల్లాయ్."

"తియ్యను."

"కాలితో పని జరుగుతుంటే నోటికెందుకు శ్రమ? నీకైనా నాకైనా అంతే."

"మీరు వెళ్లిపోతారక్కా. తర్వాత వినపడకపోతే?"

"వెళ్లను. ఇదిగో, దీని పక్కనే కూర్చుంటా, కళ్లు తిప్పను. నువ్వు వంటింట్లోకి వెళ్లు. అది నిన్ను పిలిస్తేనే రా."

"నర్సమ్మ చెప్తోందిగా, వెళ్లవే" అంది అత్తయ్య.

"నేను నర్సుని కాదు పిన్నిగారూ, ఎన్నిసార్లు చెప్పాలి."

"ఏదో ఒకటిలే. తెల్లకోటు తెల్లకోటే."

మువ్వ విప్పాను. ముడి గట్టిపడిపోయి పంటితో లాగాల్సి వచ్చింది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకున్నాను. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. దాన్నీ బిగించేశాను. గదిలోంచి పాదం నేలకేసి కొడుతున్న చప్పుడు. ఒకసారి ఆగింది, మళ్లీ మొదలైంది. మువ్వ మోగదేమని కాలు చూసుకుంటూ ఉంటుంది పాపం. నోరు తెరుచుకుని ఉంటుంది. ముఖం కందిపోయి ఉంటుంది. కళ్లె లాగేటప్పుడు బిగబట్టినట్టే ఊపిరి బిగబట్టాను. ఇక ఆగలేక గడప మీద ఒక కాలు వేశాను.

"ఊదూ."

బొంగురుగా, తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టుగా. మళ్లీ, ఈసారి ఏడుపు కలిపి, "ఊదూ."

ఎలా వెళ్లి దాన్ని ఎత్తుకున్నానో నాకు తెలియదు. నా భుజం మీద అది చప్పుడుతో ఏడిచింది. పక్కింటి చంటిదానిలా, రాగం తీసి. దాన్ని ఊరుకోబెట్టడానికి మనసు ఒప్పలేదు.

"తొమ్మిది నెలలైనా మీ అమ్మని మోయనిచ్చావు కాదు, ఇప్పుడు పిలిచేదీ ఊపిరమ్మాయి మాటతోనా?" అని అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ మనవరాలిని దెప్పింది.

అక్క కాగితం ముక్కలు ఏరుకుంటూ, "పిలుపు వచ్చిందిగా. పేరు తర్వాత దిద్దుకుందాం" అంది.

ఇంకా దిద్దుకోలేదు. ఇప్పటికీ దానికి నేను ఊదూనే. అమ్మా అన్న మాట కోసం చూస్తూనే ఉన్నాను. నిద్రపోయేటప్పుడు మూత ఉంచకూడదు. అందుకని దానికి కళ్లు మూతలు పడుతుండగానే తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో పెడతాను. నా కూతురి గొంతు డబ్బాలో ఉంటుంది. దాని కాలికి మళ్లీ మువ్వ కడతాను. పక్కనే పడుకుని, తెల్లారితే ఏమంటుందో అనుకుంటాను.

"మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో, ఉందో లేదో కూడా తెలియదు" అని ఎవరైనా అంటే నా కళ్లు ఆ పిల్లను వెతుకుతాయి. మీ ఇంట్లోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు. చిన్నవాళ్లో, పెద్దవాళ్లో. ఇది చదువుతున్నంతసేపూ పక్క గదిలోంచి ఏ చప్పుడూ రాకపోయి ఉంటే, ఒక్కసారి లేచి వెళ్లి చూసి రండి.