నిండా పోసే యంత్రం

సొబిర్‌జాన్ మాస్టారు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ టీ తాగుతూనే ఉన్నాడు గానీ, తన పియోలాలో, అంటే పిడిలేని టీ గిన్నెలో, ఎవరు ఎంత పోస్తున్నారో ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి టీ పోసే యంత్రం తయారుచేశాడు.

యంత్రం మాత్రం ముచ్చటైనదే. పియోలా పెట్టగానే కింద ఉన్న సెన్సర్ దాని బరువు కనిపెడుతుంది. పక్కనున్న చిన్న పెట్టె ఆ అంకె చదివి మోటారుకి కబురు పెడుతుంది. మోటారు తిరిగితే పంపు టీ తోస్తుంది. అనుకున్న బరువు రాగానే అన్నీ ఆగిపోతాయి. ఆగేటప్పుడు వచ్చే 'టిక్'మనే చప్పుడంటే జుల్హుమార్‌కి ఎంత ఇష్టమో చెబితే నవ్వుతారు. పెళ్లయి ఇరవై మూడు రోజులైన పిల్లకి ఏది చూసినా ముద్దొస్తుంది మరి. పైగా ఆ ఉదయమే సంచి అడుగున మొగుడు దాచిపెట్టిన ఎండు ఆప్రికాట్ల పొట్లం దొరికింది.

మర్గిలాన్ ఊరి చివర ఉన్న ఆ కాలేజీలో సెన్సర్లు, మోటార్ల తొలి పాఠం నాలుగు నెలలుగా ఆమే చెబుతోంది. ఇక ముందు ఎవరు చెప్పాలి, ఆమేనా, మాస్టారా అన్నది ఆ రోజు తేలాలి. తేల్చడానికి పై ఆఫీసు నుంచి పెద్దావిడ హఫీజా వస్తోంది, అందరూ ఓపా, అంటే అక్కా, అని పిలిచే మనిషి. "కొత్త కోడలికి ఇంట్లోనే బోలెడు పని, పాపం" అని మాస్టారు అప్పటికే నలుగురి చెవినా వేశాడు.

"మాస్టారూ, నూట ఎనభై గ్రాములు పెట్టారేంటి?" తెర మీది అంకె చూసి అడిగింది జుల్హుమార్.

"పియోలాలో పట్టేది అంతే కాబట్టి."

"అరవై చాలండీ. అతిథికి నిండా పోస్తే..."

"అమ్మాయ్, అత్తగారింటి లెక్కలు అక్కడే ఉంచుకో. మూడోవంతు పోసి ఆగితే పంపు చెడిందనుకుంటారు."

రోజూ తెల్లవారుతూనే ఆ ఇంట్లో పదకొండు పియోలాలకి టీ పోసేది ఆమే. తన మణికట్టుకున్న తెలివి ఆయన సెన్సర్‌కి లేదని అనాలనిపించింది. ఒక ఆప్రికాట్ నోట్లో వేసుకుంది.

హఫీజా ఓపా వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, చలికి చేతులు రుద్దుకుంటోంది. "సెన్సరంటే కన్ను, మోటారంటే చెయ్యి" అని మొదలుపెట్టి మాస్టారు పావుగంట వాయించాడు. ఆ తర్వాత పియోలా పెట్టాడు. పంపు గురగురమంది. టీ అంచు దాకా వచ్చి, వణికి, ఆగింది.

ఓపా పియోలా వైపు చూసింది. మాస్టారి వైపు చూసింది. శాలువా సర్దుకుని లేచింది.

"సరే నాయనా. నిండా పోశావంటే తాగేసి దయచెయ్యమనేగా. తాగకుండానే వెళ్తాను."

"అయ్యో, ఓపా, అలా కాదు. సెన్సర్ చాలా కచ్చితమైనది..."

"కచ్చితంగానే ఉంది. ఇంత కచ్చితంగా నన్నెవరూ గెంటలేదు."

మాస్టారు కంగారుగా గొట్టం ఊడదీసి అందులో తప్పు వెతకసాగాడు. తప్పు తెర మీద మూడంకెలతో వెలుగుతూనే ఉంది. జుల్హుమార్ ఆ గొట్టం లాక్కుని బిగించి, నూట ఎనభై చెరిపి అరవై కొట్టి, ఇంకో పియోలా పెట్టింది. అడుగున మూడోవంతు టీ చేరగానే పంపు ఆగింది. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని కుడిచేత్తో అందించింది.

"కూర్చోండి ఓపా. మీకు ఇంకా చాలాసార్లు పొయ్యాలి."

ఓపా కూర్చుంది. ఒక గుక్క తాగి మాస్టారిని అడిగింది. "ఇప్పుడెందుకు ఆగింది?"

"అదీ... ప్రోగ్రాములో..."

"నువ్వు చెప్పమ్మా."

"యంత్రానికి బరువే తెలుస్తుంది ఓపా, ఎంత చాలో తెలీదు. అది మనం చెప్పాలి. అందుకే పిల్లల్ని ఏ పనైనా ముందు చేత్తో చేసి చూడమంటాను, ఆ తర్వాతే మోటారుకి అప్పజెప్పమంటాను."

ఓపా ఖాళీ పియోలా ముందుకు జరిపింది. "క్లాసు నీదే. ఎంతమంది పిల్లలు?"

"ఇరవై ఆరుగురు."

"సోమవారం ఈ మాస్టారి చేత అందరికీ టీ పోయించు. చేత్తోనే."

"నేనా?" అన్నాడు మాస్టారు.

మూలనున్న టీ కూజా వైపు ఆయన చూసిన చూపుని బట్టి, దానికి పిడి ఎటువైపు ఉంటుందో కూడా ఈయనకి అనుమానమేనని జుల్హుమార్‌కి అర్థమైంది.