ముంజేతి మీద బూడిద

చింతామణి మండీలో రాగుల వ్యాపారం చేసే పురుషోత్తమ్, మూటలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి చూడనిదే తూకానికి ఒప్పుకోడు. ముప్పయ్యేళ్ల అలవాటు. అలాంటి మనిషి కూతురి చేతిలోకి ఏం ఎక్కిందో అడగకుండా పదకొండు రోజులు ఊరుకున్నాడు.

భార్య శశికళ పోయి నెల దాటింది. అస్థికలు ఏరినరోజు కూతురు రక్షిత గుప్పెడు బూడిద కుంకుమడబ్బీలో దాచుకుంది. చిక్కబళ్ళాపురలో పచ్చబొట్లు వేసే కిశోర్ పదకొండు రోజుల కిందట ఆ బూడిదను రంగులో కలిపి, ఆమె ముంజేతి మీద 'శశి' అని పొడిచాడు. 'కళ' మిగిలింది. ఈలోగా చెయ్యి మోచేతిదాకా వాచి చీము పట్టింది. అయినా మిగతాది పొడిపించుకుంటానని రక్షిత బస్సెక్కితే, తండ్రీ వెంటవచ్చాడు.

కిశోర్ రక్షిత చెయ్యి తిప్పి చూశాడు.

"ఇది మామూలే అప్పా. నిప్పులో కాలినదాంట్లో క్రిమి యాడుంటాది? పాప వాళ్లమ్మను మనసులో వదల్లేదు, అందుకే ఒళ్లు ఒప్పుకోలేదు. పూర్తిగా వేస్తే సర్దుకుంటాది."

పురుషోత్తమ్‌కు ఒళ్లు మండింది. చెడ్డ సరుకు అమ్మి, తిన్నవాడి కడుపే మంచిది కాదనే వాళ్లను చూశాడు. తల్లి పోయిన పిల్ల ఏడుపు మీద నేరం తోసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

"నిప్పులోంచి నేరుగా నీ సూదిలోకి దూకిందా అది? నేలమీద పడింది, చేతుల్తో ఎత్తినాం, డబ్బీలో మురిగింది. నువ్వేం చేసినావు దానికి?"

"జల్లెడ పట్టినా."

"నేనూ పడతా జల్లెడ! రాళ్లు పోతాయి, రోగం పోతాదా? యా డాక్టర్ని అడిగినావు?"

"అందరూ వేయించుకుంటాండారప్పా..."

"గలాటా వద్దు నాయనా," అంది రక్షిత. "నొప్పి నాది. లోపలుండేది అమ్మ. సగంలో వదల్లేను."

చెయ్యి చాచింది. సూది మర గుయ్యిమంది.

పురుషోత్తమ్ దగ్గర ఒక్క మాటే మిగిలింది. చెబితే కూతురు తన మొహం చూడకపోవచ్చు. చెప్పకపోతే చెయ్యి పోవచ్చు. లెక్క తేలడానికి క్షణం పట్టలేదు.

"అమ్మ ఒకతే కాదు పాపా లోపల. అమ్మను కాల్చిన పొద్దు వాన. కట్టెలు తడిసి అంటుకోలేదు. నువ్వు ఇంటికాడ ఆడోళ్లతో ఉండావు. రెండు లారీ టైర్లు వేసి, డీజిలు పోసినాం. ఆ బూడిదే నువ్వెత్తుకునింది."

మర ఆగింది.

"టైర్లు ఎవరు తెచ్చింది?"

"నేనే."

"రాగుల్లో రాయుంటే మూట వాపసు పంపుతావే నాయనా!"

ఆయన తల వంచుకున్నాడు. ఆ కోపం న్యాయమైనదే. మిగిలిన రంగు గిన్నె చేతిలోకి తీసుకుని కిశోర్ వైపు తిరిగాడు.

"లెయ్. ఆసుపత్రికి నువ్వూ రా. దీంట్లో ఏం కలిపినావో నీ నోటితో చెప్పు."

"నేనెందుకప్పా?"

"పొడిచినోడివి నువ్వే కదా!"

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి చూసి మొహం చిట్లించింది. చీము కోసి తీయాలి, అక్షరాలు నిలుస్తాయో లేదో చెప్పలేనంది. రంగులో ఏముందని అడిగింది.

"పవిత్రమైన బూడిద మేడమ్," అన్నాడు కిశోర్.

"టైరు, డీజిలు అని రాసుకోండి మేడమ్," అంది రక్షిత, తండ్రి వైపు చూడకుండానే. "మా నాయన చెప్పినాడు."