ప్రియాంక మునుం

లింగవ్వ వరి నాట్ల గుంపులో తనతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు. పది మంది చేతి తీరు ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. పన్నెండోది ప్రియాంక. బాన్సువాడలో తను పనిచేసే బట్టల దుకాణం మూతపడితే ఇరవై రోజుల క్రితం గుంపులో చేరింది. అందరూ వరసగా వంగి, తలా ఒక మునుం, అంటే తమ వంతు వరస, పట్టి, నాటుకుంటూ వెనక్కి జరుగుతుంటే ఆ పిల్ల మాత్రం ఎప్పుడూ మడి నడుమ ఒంటరిగా మిగిలిపోయేది.

"ఏవమ్మా లింగవ్వా," గట్టు మీంచి అన్నాడు పొలం ఆసామి భద్రయ్య, "శనివారం నిజాంసాగర్ కాలువ నీళ్లు ఆపేస్తారు. రేపు సాయంత్రానికి ఈ నాలుగెకరాలు అవ్వకపోతే అవతలి ఆరెకరాలు బీహార్ గుంపుకిచ్చేస్తాను. తర్వాత నన్నేవీ అనొద్దు."

ఆయన వెళ్లగానే గుంపులోని పెంటవ్వ నడుము పట్టుకుని లేచింది. "ఇన్నవు గదా! గా పిల్లను రేపు ఇంటికాడ ఉండుమను. చీరలు మడతపెట్టిన చేతులకు నారు ఆగుతదా?"

అందరూ నవ్వారు. ప్రియాంక కూడా నవ్వింది. ఆ నవ్వు లింగవ్వకు వింతగా తోచింది. రోజూ పొద్దున మొదటి మడిలో ఈ పిల్ల చెయ్యి చక్కగానే ఆడుతుంది. మరి చెడేది ఎక్కడ?

మర్నాడు ఓరకంట కనిపెట్టింది. పక్క మునుంలో పెంటవ్వ రెండడుగులు దాటిపోగానే ప్రియాంక తలెత్తింది. అంతే, వేళ్లు బిగుసుకున్నాయి. నాలుగు మొక్కలు గుచ్చాల్సిన చోట పది గుచ్చింది. నారు కట్ట అయిపోయి ఇంకో కట్ట కోసం పరుగెత్తింది. వెనకబడతానన్న భయమే ఆమెను వెనక్కి లాగుతోంది. పదిహేనేళ్లుగా అందరికన్నా ముందుండే లింగవ్వకు ఆ భయం ఎలా ఉంటుందో తెలియదు.

తెలుసుకోవాలనిపించింది. పెంటవ్వను అవతలికి పంపి ఆ మునుం తను పట్టింది. కావాలనే ప్రియాంక కన్నా ఒక అడుగు వెనకే ఉండేలా నాటుతూ పోయింది.

"ఏందక్కా, పానం మంచిగ లేదా?" అడిగింది ప్రియాంక.

"మంచిగనే ఉన్న. నువ్వు నడువు."

"ఇగ అయినట్టే! ఒక నత్తకు ఇంకో నత్త తోడు," అంది పెంటవ్వ.

అందరి చూపులూ తన వీపు మీదే ఉన్నట్టనిపించి లింగవ్వ చెవులు వేడెక్కాయి. ఓహో, ఆ పిల్ల భయం ఇదా, అనుకుంది. మధ్యాహ్నానికి ప్రియాంక తలెత్తి పక్కకు చూడడం మానేసింది. చెయ్యి పొద్దుటిలా ఆడసాగింది.

పొద్దు వాలేసరికి ఇంకా అరెకరం మిగిలింది. "ముందే చెప్పానుగా," అంటూ భద్రయ్య ఫోన్ తీసి బీహార్ గుంపు మేస్త్రీకి కబురు చెప్పేశాడు.

"మా పొట్ట కొట్టినవు గదనే లింగవ్వా!" అంది పెంటవ్వ.

"నిజమే. రుద్రూర్ దిక్కు నాట్లింక మొదలు కాలె. రేపు పొయ్యి అడుగుత."

"గీ పిల్లతోనా?"

"గీ పిల్లతోనే."

పెంటవ్వ నారు కట్ట విప్పుతూ విసురుగా అంది. "అయితే దాని పక్కన నేనుంట. నువ్వు ఎనుకబడితే మమ్ముల ముందల నడిపేదెవ్వలు?"

ఆ మాటలో కోపమెంతో, ఒప్పుకోలు ఎంతో లింగవ్వకు అంతుపట్టలేదు. మిగిలిన అరెకరం కోసం పన్నెండు మందీ మళ్లీ వంగారు.