ఐదో పేరు నాది

ఊరి సభ ఎన్నికలకు మా ఊరి పార్టీ ఇచ్చిన జాబితాలో నా పేరు ఐదోది. పార్టీకి ఎన్ని సీట్లొస్తే జాబితాలో పైనుంచి అంతమందే సభకు వెళ్తారు. మాకు వచ్చేవి మహా అయితే నాలుగు సీట్లని అందరికీ తెలుసు.

"ఊరికే పేరు నింపడానికేలే అమ్మాయ్," అన్నాడు వీబ్రెన్. చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే. బట్టలతో, బూట్లతో నీళ్లలో దూకి ఈదే పరీక్షలో నేను మూడుసార్లు తప్పితే, నాలుగోసారి గట్టు వెంట నాతోపాటు నడిచాడు. కాదనలేకపోయాను.

ఆ పార్టీ పుట్టిందే ఊరి ఈతకొలను కోసం. దాన్ని మూసేస్తారని వినగానే వీబ్రెన్ పార్టీ పెట్టాడు. కొలను దగ్గర టికెట్లిచ్చే గ్రీట్ అత్త, నేను ఇంటింటికీ తిరిగి ఒకే మాట చెప్పాం: కొలను ఉంటుంది.

పదిహేడు సీట్లలో మాకు నాలుగు వచ్చాయి. ఇక్కడ ఏ పార్టీకీ ఒంటరిగా పాలించే బలం రాదు. కొందరు కలిసి ఒప్పందం రాసుకోవాలి. ఆరు వారాలు తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు. ఏమడిగినా వీబ్రెన్, "లోపలి మాట బయట చెప్పకూడదు" అనేవాడు.

ఒప్పందం బయటికొచ్చిన రోజు టికెట్ల గదిలో కూర్చుని చదివాం. పద్నాలుగో పేజీలో ఉంది, ఈ వేసవి తర్వాత కొలను మూత అని. చివరి పేజీలో ఊరి పాలన చూసే పాలకవర్గం పేర్లు. అందులో వీబ్రెన్‌కు రోడ్ల శాఖ.

"రోడ్లిచ్చార్ట దొరగారికి," అంది గ్రీట్ అత్త. "ఇక మన పిల్లలు ఆయన రోడ్ల మీదే పదిహేను కిలోమీటర్లు సైకిలు తొక్కి ఈతకెళ్లాలి."

పాలకవర్గంలో చేరినవాళ్లు సభలో సీటు వదులుకోవాలి. అది జాబితాలో తర్వాతి పేరుకు వెళ్తుంది. మర్నాడే వీబ్రెన్ మా ఇంటికి వచ్చాడు.

"మంగళవారం ఓటింగ్. పేరు పిలవగానే అనుకూలం అంటే చాలు."

"కొలను మూయడానికా?"

"మనవైపు తొమ్మిదిమందిమి. ఒక్కరు తగ్గినా ఒప్పందం కూలుతుంది. పాలనంటే ఇచ్చిపుచ్చుకోవడం."

"ఇచ్చింది ఊరు. పుచ్చుకుంది మీరు."

ఆయన నవ్వాడు. "నిన్ను ఐదో పేరుగా ఎందుకు పెట్టాననుకున్నావ్? వేరేవాళ్లయితే ప్రశ్నలేసి చంపుతారు."

మెచ్చుకోలుగానే అన్నాడు. అంటే తన సీటు నాకొస్తుందని జాబితా రాసేనాడే ఆయనకు తెలుసు. మేం గడపగడపకీ తిరిగినప్పుడూ తెలుసు.

మంగళవారం వీబ్రెన్ పాలకవర్గం బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడివాళ్లకు ఓటు లేదు. సభ్యుడి ఓటు మీద పార్టీతో సహా ఎవరి ఆజ్ఞా చెల్లదని నాకిచ్చిన నిబంధనల పుస్తకంలో రెండుసార్లు చదివాను. మేయర్ ఒక్కో పేరే పిలిచింది. మా పార్టీ ముగ్గురూ తల దించుకుని అనుకూలం అన్నారు. నా వంతు చివర్న వచ్చింది. అప్పటికి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది.

"వ్యతిరేకం," అన్నాను.

సభ ముగిశాక వీబ్రెన్ కోటు తొడుక్కుంటూ నా దగ్గర ఆగాడు.

"నన్నింత మోసం చేస్తావనుకోలేదు, సీట్స్కె."

నిజంగా నొచ్చుకునే అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాక, తనేం చేశాడో ఆయనకు ఎప్పటికీ అర్థం కాదని తెలిసింది.