అత్తగారి పాన్‌దాన్‌లో సిరా

మసీదు వెనక సందులో సకీనాబీ కాపురం ఒకే ఒక గదిలో. రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక బియ్యం పెట్టె పెట్టేసరికి ఇక మనిషి ఒళ్లు ముడుచుకుని తిరగాలి. అలాంటి గదిలో ఆవిడ ఒక ఆఫీసు నడిపిందంటే నమ్ముతారా? నమ్మకపోయినా నడిపింది. పైగా అదే గదిలో పడుకుని లేచే మామగారికి తెలియకుండా నడిపింది.

బల్ల ఏదని అడుగుతారు. బియ్యం పెట్టె మూతే బల్ల. తిరగేసి ఒళ్లో పెట్టుకుంటే రాతపలక, మళ్లీ పెట్టె మీద పడేస్తే మూత. పోస్టుకార్డులు బొంతల మడతల్లో ఉండేవి. కలం ఊదుగొట్టంలో దూరేది. సిరా బుడ్డి మాత్రం కొన్నాళ్లు ఏడిపించింది. ఎక్కడ పెట్టినా తెలిసిపోయేలా ఉంది. చివరికి పోయిన అత్తగారు ఖమర్జహాన్ ఆకూవక్కా పెట్టుకునే ఇత్తడి పాన్‌దాన్ గుర్తొచ్చింది. భార్య పోయిన దగ్గర్నుంచి మామగారు దాని వంక చూడనైనా చూడలేదు. ఇంకేం, సున్నం గిన్నెలో సిరా, వక్కల గిన్నెలో పాళీలు, లవంగాల గిన్నెలో అద్దుడు కాగితం ముక్కలు. మూత వేస్తే అత్తగారి పాన్‌దాన్, మూత తీస్తే ఆఫీసు.

మామగారు ఖాదర్ మొహిద్దీన్‌కి ఆడది కలం పట్టడం గిట్టదనుకునేరు. అదేం కాదు. కోడలికి ఉత్తరాల పద్ధతి నేర్పిందే ఆయన. ముప్పయ్యేళ్లుగా పోస్టాఫీసు వసారాలో పెట్టె ముందేసుకుని, రాయడం రానివాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టడం ఆయన వృత్తి. పల్లెల్లోకి జవాబులు సరిగా చేరవని, అవి తన పేరనే రప్పించుకుని, మనుషులకు కబురుపెట్టి చదివి వినిపించేవాడు. అందుకని ఆయన కార్డులన్నిటి అడుగునా ‘ఖాదర్ మొహిద్దీన్ ద్వారా, పోస్టాఫీసు వసారా, అనకాపల్లి’ అని ముందే రాసి ఉండేది. ఆ ముక్క రాసి, కట్ట కట్టి పొద్దున్నే చేతికిచ్చేది సకీనాబీయే.

మరి గొడవెక్కడ వచ్చిందీ? ఏడాదిగా ఆయన రాసే ఉత్తరాలన్నీ ఒక్కలాగే ఉంటున్నాయి. ఎవరొచ్చి ఏం చెప్పుకున్నా తల ఊపి వింటాడు. విని, ‘ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీ క్షేమం తెలియజేయవలెను’ అని రాసేస్తాడు. అవతల యుద్ధం. ఊళ్లలో మగాళ్లు సగం మంది మిలిటరీ పనులకు పోయి ఎక్కడెక్కడో ఉన్నారు. ఇంటి దగ్గర ఆడవాళ్లకు గుండెలో గంపెడు మాటలుంటే, కార్డు మీద రెండు ముక్కలు పడుతున్నాయి. సకీనాబీ మొగుడు వలి కూడా జబల్‌పూర్ మిలిటరీ క్యాంపులో దర్జీ. వాడికి రాసే ఉత్తరమూ మామగారే రాసేవాడు. అదే క్షేమం, చివర్న ‘సకీనా సలాములు చెప్పమంది’. ఆవిడ మొగుడికి ఏడాదంతా చెప్పుకున్నది ఆ సలామే. పెద్దాయన రాస్తుంటే నేను రాస్తానని కలం లాక్కుంటామా?

మొదట వచ్చింది మునగపాక మరిడమ్మ. కూరాకు గంప నెత్తిన పెట్టుకుని వీధులమ్మట అమ్ముకునే మనిషి. మొగుడు పైడిరాజు రోడ్లేసే పనికని అస్సాం వైపు పోయాడు. ఒకరోజు తోటకూర కట్ట ఇస్తూ గుమ్మంలో కూలబడింది.

“సాయిబు గారికి అన్నీ సెప్పేనమ్మా. ఆవు ఈనిందని సెప్పేను, సెరుకు గట్టు తెగిపోనాదని సెప్పేను. ఆయన రెండు ముక్కలు రాసేసి యేలుముద్ర ఎయ్యమన్నాడు. నా మాటలన్నీ ఏటైపోనాయి?”

సకీనాబీ ఏం చెబుతుంది? లోపలికి రమ్మని తలుపు చేరవేసి, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టింది. అంతే, మరో నెలకి ఆరేడుగురు తయారయ్యారు. తన కార్డుల మీద మాత్రం జవాబుకి ఎవరి ఊరి విలాసం వాళ్లకే రాసేది. మామగారు పదింటికి వెళ్లి సాయంత్రం అసర్ నమాజు వేళకి గానీ రాడు. ఆ మధ్యలో ఆఫీసు.

ఆయనకు తెలిస్తే కోప్పడతాడని కాదు ఆవిడ భయం. కోప్పడితే బాగుండును. ‘నా ముందున్న మనుషుల్ని నా కోడలే ఇంట్లో కూర్చుని లాక్కుంది’ అని తెలిస్తే ఆయన మర్నాడు పెట్టె తీసుకుని వసారాకు వెళ్లడు. వెళ్లకపోతే ఏమవుతాడు? భార్య పోయాక ఆయన్ని నిలబెట్టింది ఆ వసారా ఒక్కటే. అది తన చేతుల మీదుగా ఊడిపోతుందేమోనని సకీనాబీకి అన్నం సయించేది కాదు. పోనీ మానేద్దామంటే గుమ్మంలో ఇంకో ఆడమనిషి నిలబడి ఉండేది.

ఒకరోజు మరిడమ్మ మొగుణ్ణి కడిగేస్తోంది. “సెప్పకుండా ఎల్లిపోనావు, నీను సచ్చిపోనాననుకున్నావా అని రాయి. సిగ్గునేదా అని రాయి. ఒక అక్క రాస్తంది, నాకేటి భయం, అని కూడా రాయి.” ఒక కార్డు నిండిపోయింది, తిట్లు మిగిలిపోయాయి. అంతలో సందు చివర మామగారి దగ్గు వినిపించింది. చినుకులు పడుతున్నాయని పెందరాళే బయల్దేరాడు. సకీనాబీ కంగారుగా బొంతల దగ్గర చేతికందిన ఇంకో కార్డు లాగి, మిగతాది గిలికి, మరిడమ్మ చేతిలో కుక్కింది. మూత పెట్టె మీదకి, కలం గొట్టంలోకి, పాన్‌దాన్ గూట్లోకి వెళ్లిపోయాయి. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి మరిడమ్మ గంపెత్తుకుంటోంది, సకీనాబీ తోటకూర గిల్లుతోంది.

మర్నాడు మామగారి కట్ట కడుతుంటే తెలిసింది. ఒక కార్డు తక్కువ. నిన్న తాను లాగింది తన కట్టలోది కాదు, బొంతల పక్కనే పెట్టిన ఆయన కట్టలోది. అంటే అడుగున ఆయన విలాసం ఉన్నదే. జవాబు వస్తే నేరుగా ఆయన చేతికే వస్తుంది. రాకపోతే బాగుండునని ఒక పూట అనుకుంది. ఛీ, యుద్ధంలో ఉన్నవాడి ఉత్తరం రాకూడదనుకోవడమేంటని మరుపూట తన్ను తానే తిట్టుకుంది.

నెల తిరక్కుండానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఖాదర్ మొహిద్దీన్ ఇంటికొచ్చాడు, వెనకాల మరిడమ్మ. ఆయన చేతిలో మిలిటరీ ముద్ర వేసిన కవరు ఉంది.

“పెన్సిలుతో రాసేడు బేటీ. నా కళ్లజోడు కొంచెం మసకేసింది. నువ్వు చదివి పెట్టు.”

కళ్లజోడు శుభ్రంగానే ఉంది. సకీనాబీ కాగితం విప్పి ముందు మనసులో చదువుకుంది. దాటెయ్యాల్సిన ముక్కలు ఎక్కడున్నాయో కనిపిస్తూనే ఉన్నాయి. అవి వదిలేసి, ‘ఇక్కడ క్షేమం’ అని చదివేస్తే చాలు, మామగారి పరువు మామగారికి ఉంటుంది, తన ఆఫీసు తనకి ఉంటుంది. తలెత్తి చూస్తే మరిడమ్మ గంప పక్కన పెట్టి, నోరు కొంచెం తెరుచుకుని, తన పెదాల వంకే చూస్తోంది. ఆ మనిషికి వచ్చిన మాటలు మింగెయ్యడానికి తనెవరు? ఉన్నదున్నట్టు చదివింది.

“మరిడీ, నీ రెండు కార్డులూ అందినాయి. ఆవు ఈనిన కబురు వచ్చీదాకా క్షేమం క్షేమం అనే వత్తంటే, నువ్వు నన్ను మర్చిపోనావనుకున్నాను. ఈ పాలి నువ్వే ఎదురుగా కూకుని తిట్టినట్టుంది. మా వోళ్ల సేత మూడుసార్లు సదివించుకున్నాను. సెప్పకుండా వచ్చేయడం నాదే తప్పు. దూడకి పేరు పెట్టకు, నీను వచ్చేక పెడతాను. రాసిపెట్టిన అక్కకి దండాలు సెప్పు.”

మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. “సూసేరా, తిడితేగానీ తెలివిరానేదు,” అంది. ఉత్తరం రొంటిన దోపుకుని, గంపెత్తుకుని వెళ్లిపోయింది. ఏం జరిగిందో పాపం ఆవిడకి తెలియనే తెలియదు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఖాదర్ మొహిద్దీన్ మంచం మీద చతికిలబడ్డాడు. తర్వాత, “మీ అత్త పాన్‌దాన్ ఇలా తే. ఒక ఆకు వేసుకోవాలనుంది,” అన్నాడు.

ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనివాడు. తేనని ఎలా అంటుంది? తెచ్చి పెట్టింది. ఆయన మూత తీసి, తడుముకుంటూ సున్నం గిన్నెలో వేలు పెట్టబోయాడు. సకీనాబీ చెయ్యి పట్టేసుకుంది.

“బాబా, అది సున్నం కాదు.”

అప్పటికే వేలు నీలమైపోయింది. ఆయన దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు, కనబడలేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

“ఇన్నాళ్లూ ఇంట్లో సిరా వాసనొస్తంటే నా చొక్కాదే అనుకున్నాను,” అన్నాడు.

“నన్ను మన్నించు బాబా. నీ మనుషుల్ని లాక్కోవాలని కాదు...”

“నువ్వేం లాక్కున్నావు? నా కళ్లు పోయి ఏడాదైంది బేటీ. ఎండలో పెట్టుకుంటే ఏదో చదవగలను. రాయాలంటే గీత ఎక్కడుందో తెలీదు. చేతికి అలవాటైన ఆ రెండు ముక్కలే తిన్నగా పడతాయి. అవే రాసి పంపించేను, అందరికీ. వాళ్లు చెప్పేవన్నీ వింటానే ఉన్నాను. రాయలేకపోయేను.” ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “చెప్తే ఇంట్లో కూర్చోబెట్టేస్తారని దాచేను.”

ఒక్క గదిలో ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. సకీనాబీ ఏడుస్తూ ఆయన వేలు కొంగుతో తుడిచింది. అంత తొందరగా పోయే సిరానా అది?

“నీ పలక ఎక్కడ పెట్టేవు?” అన్నాడాయన.

“బియ్యం పెట్టె మూత.”

“ఓసి నీ తెలివి,” అని నవ్వాడు. “తియ్యి. వలికి ఉత్తరం రాయాలి.”

ఆవిడ ఊదుగొట్టంలోంచి కలం తీసి, అలవాటు కొద్దీ ‘ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెడుతూ పైకి అంది.

“అది కొట్టెయ్యి,” అన్నాడు ఖాదర్ మొహిద్దీన్. “నాన్నకి కళ్లు కనబడటం లేదు అని రాయి. రేపట్నుంచి జనం ఇంటికే వస్తారు, వినేది నేను, రాసేది నీ పెళ్లాం అని రాయి. అంతే నాది. మిగతా కార్డు నీది.”

“నాదా? నేనేం రాస్తాను బాబా?”

“నాకేం తెలుసు? ఏడాదిగా సలాములు తప్ప నీ మాట ఒక్కటీ వెళ్లనివ్వలేదు నేను.”

ఆయన కర్ర పుచ్చుకుని లేచి, బయటికెళ్లి, తలుపు దగ్గరగా వేసి అరుగు మీద కూర్చున్నాడు. సకీనాబీ ఒళ్లో పలక పెట్టుకుని కార్డు వంక చూస్తూ ఉండిపోయింది. ఊళ్లో అందరి మొగుళ్లకీ రాసిన చెయ్యి, సొంత మొగుడికి మొదటి మాట తోచక ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, సున్నం గిన్నెలో పాళీ ముంచింది.

అరుగు దగ్గర ఎవరో ఆడమనిషి వచ్చి, సకీనమ్మ ఉందా అని గుసగుసగా అడిగింది.

“ఉంది. గట్టిగానే అడుగు,” అన్నాడు ఖాదర్ మొహిద్దీన్. “కొంచెం సేపు ఆగమ్మా, ఆఫీసులో పనుంది.”